పదకొండు వందల నలభై కొత్త ఇళ్లు

పోయిన వారం మా నిబాల్‌ని ఐన్ సుమ్మాక్‌లో ఒక డాబా మీద నిలబెట్టి వదిలేశాను. పాపం, పిల్ల వారం రోజులుగా ఎండలోనే ఉంది. ముందు దాన్ని కిందికి దించుతాను.

మధ్యలో చేరినవాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను. నిబాల్ నా మేనకోడలు. అమ్మాన్‌లో లెక్కల కార్యాలయంలో పని. దేశం మొత్తంలో నెలనెలా ఎన్ని ఇళ్లకి అనుమతులిచ్చారో కూడి, ప్రకటన తయారుచేసి, కింద సంతకం పెట్టేది అదే. ఏడు నెలలుగా కొత్త ఇళ్ల గీత కిందికే దిగుతోంది. ఎనిమిదో నెల ఉన్నట్టుండి నిటారుగా లేచి కూర్చుంది. ఎవరు లేపారా అని చూస్తే ఒక్క ఐన్ సుమ్మాక్. పదకొండు వందల నలభై కొత్త ఇళ్లట, ఒక్క నెలలో! పిల్ల వెళ్లి డాబా ఎక్కి నాలుగు దిక్కులా చూసింది. ఎక్కడా ఇసుక కుప్ప లేదు, సిమెంటు బస్తా లేదు, కంకర మిషను చప్పుడు లేదు.

జరిగింది ఏమిటంటే, కాగితం లేని పాత ఇళ్లవాళ్లు నెలాఖరులోగా అనుమతి తీసుకుంటే జరిమానా లేదని అక్కడి మునిసిపాలిటీ చాటించింది. జనం ఎగబడ్డారు. ముప్ఫై నలభై ఏళ్ల నాటి కొంపలకి పోయిన నెల కాగితాలొచ్చాయి. పంపే ఫారంలో రెండు గడులుంటాయి. కట్టబోయే ఇల్లు ఒకదాంట్లో వెయ్యాలి, ఇప్పటికే ఉన్న ఇల్లు రెండోదాంట్లో వెయ్యాలి. మేయర్ రాకాన్ మనుషులు మొత్తం తెచ్చి మొదటి గడిలో కుమ్మరించారు.

గడుల గొడవకి ఇంత రాద్ధాంతమా అనకండి. సర్కారు ఇళ్ల స్థలాల కోసం ఆ ఊళ్లో నాలుగు వందల పన్నెండు కుటుంబాలు ఏళ్ల తరబడి కాచుకుని ఉన్నాయి. అన్ని కొత్త ఇళ్లు లేచాయని ప్రకటనలో పడిందంటే, అక్కడ ఇళ్ల కొరత తీరిపోయిందని ఆ జాబితా కొట్టేస్తారు. స్థలాలు దుకాణాలు కట్టే మేయర్ బావమరిది చేతికి పోతాయి. అందుకని నిబాల్ సంతకం పెట్టనంది. ప్రకటన గురువారం పొద్దున పదింటికి. పిల్ల డాబా దిగి అమ్మాన్‌లో మా ఇంటికొచ్చేసింది. ఇప్పుడు బుధవారం, సాయంత్రపు అసర్ నమాజు అయింది.

వంటింటి కిటికీలోంచి చూశాను. మా వీధిలో నాలుగు కార్లు వరసగా ఆగాయి. నల్ల అబాయాలు, అదే మగ పెద్దలు వేసుకునే పై అంగీలు, భుజాన వేసుకుని పదకొండు మంది పెద్దమనుషులు దిగారు. ముందు ఐన్ సుమ్మాక్ షేక్ నాహార్ గారు, చేతికర్ర, తెల్లగడ్డం. ఆయన వెనక మేయర్ రాకాన్, ఇస్త్రీ నలగని సూటు. ఇంతమంది పెద్దలు ఇంత మర్యాదగా ఒక ఇంటికి వచ్చేది రెండు పనుల మీదే. ఒకటి రాజీ. రెండోది పెళ్లి సంబంధం. మా ఇంట్లో ఎవర్నీ ఎవరూ పొడవలేదు. ముప్ఫై నాలుగేళ్ల పిల్ల మాత్రం ఉంది.

మా తమ్ముడు దైఫల్లా కూడా అదే అనుకున్నాడు. చెప్పులు కూడా వేసుకోకుండా గుమ్మంలోకి పరిగెత్తాడు. డెబ్భై ఒక్క ఏళ్లు వాడికి, తాపీ మేస్త్రీగా నడుం వంగిపోయింది, అయినా ఆ క్షణాన పాతికేళ్ల కుర్రాడిలా నిలబడ్డాడు. సగం ఐన్ సుమ్మాక్ కట్టింది వాడే. మా సొంతూరే అది. పదహారేళ్ల కిందట రోడ్డు కోసం మా ఇల్లు కొట్టేస్తే అమ్మాన్ వచ్చి పడ్డాం. వచ్చిన అయిదేళ్లకి నా మరదలు ఖద్రా పోయింది. అక్షరం ముక్క రాని ఆ మనిషి కడుపున ఈ లెక్కల పిల్ల పుట్టింది చూడండి, అదీ అల్లా తమాషా.

ఇక్కడ ఒక్క తప్పు నాది. ఈ సంతకం గొడవంతా నిబాల్ నాకు చెప్పింది గానీ, "నాన్నకి బీపీ, చెప్పకత్తా" అంది. నోరు మూసుకున్నాను. జన్మలో ఒక్కసారి నోరు మూసుకుంటే అది ఇలా ఏడ్చింది.

యాలకులు దండిగా దంచి, చేదు కాఫీ కాచి, పొడుగు మూతి కూజాలో పోసి తమ్ముడి చేతికిచ్చాను. నేను తలుపు చాటున నిలబడ్డాను. చాటు అంటే మరీ చాటు కాదు, సగం బయటే.

తమ్ముడు మొదటి కప్పు షేక్ గారికిచ్చాడు. ఆయన తీసుకుని, పెదాల దాకా కూడా తేకుండా, ఎదురుగా కింద పెట్టేశారు. మిగతా పదిమందీ అలాగే పెట్టారు.

"దైఫల్లా, నీ ఇంటికి ఒక అవసరం మీద వచ్చాం. తీరుస్తానంటే నీ కాఫీ తాగుతాం. లేదంటే ఇది ఇక్కడే చల్లారిపోతుంది," అన్నారు షేక్ గారు.

ఇంటికొచ్చిన మనిషి కాఫీ తాగకుండా లేచిపోతే ఆ ఇంటి మగవాడు వీధిలో తలెత్తుకోలేడు మా దగ్గర. అయినా సరే, ఏమిటి అవసరం అని అడగాలి కదా? కాస్త గొంతు సవరించుకోవాలి కదా? మా వాడి కళ్లకి ఆ వేళ అల్లుడు తప్ప ఇంకేమీ కనపడలేదు.

"ఎంత మాట షేక్ గారూ! మీరు అడగాలా? అడక్కముందే ఇచ్చేశాను. తాగండి, తాగండి!" అన్నాడు.

ఒరే తమ్ముడూ, నీ తొందర తగలెయ్య! నేను తలుపు చెక్క పట్టుకుని పళ్లు నూరుకున్నాను. షేక్ గారు కప్పు ఎత్తి తాగారు. పదకొండు కప్పులూ ఖాళీ అయ్యాయి. మేయర్ రాకాన్ మాత్రం చివరి చుక్క దాకా తాగి, మూతి తుడుచుకుని నవ్వాడు. ఆ నవ్వు చూశాకే నాకు వెలిగింది, పెళ్లి లేదు, పేరంటం లేదు, ఇది వేరే కథ అని.

"అల్లా నీ ఇల్లు చల్లగా చూడాలి," అన్నారు షేక్ గారు. "మరేం లేదు. మీ అమ్మాయి రేపటి ప్రకటన మీద సంతకం పెట్టనంటోందట. మన ఊరు పంపిన అంకె తప్పంటోందట. ఊరి పేరు పోతోంది. పెట్టించు. అంతే."

తమ్ముడి మొహంలో రక్తం చుక్క లేదు. "సంతకమా?" అన్నాడు. "ఏ సంతకం?"

"నువ్వు మాటిచ్చిన సంతకం," అన్నాడు మేయర్.

నిబాల్ అప్పటికే వచ్చేసింది. ఇంటి బట్టల్లోనే ఉంది, జడలో పెన్సిలు దోపుకుని, చంకలో ఇంత లావు ఫైలు పెట్టుకుని. మగవాళ్లు కూర్చున్న గదిలోకి అలా నడిచి రావడం మా ఇళ్లల్లో ఎక్కడా చూడరు. ఆపుదామని చెయ్యి చాచాను, అల్లా సాక్షి, ఆ చేత్తోనే దాన్ని లోపలికి తోశాను. తోసి, రెండో కూజా పట్టుకుని నేనూ వెనకాలే వెళ్లాను. కాఫీ పోసే వంకతో ఎవరూ నన్ను బయటికి పొమ్మనలేరు కదా.

"సలాం షేక్ గారూ," అంది నిబాల్. తర్వాత మేయర్ వైపు తిరిగింది. "మేయర్ గారూ, ఒక్క సందేహం. పోయిన నెల మీ ఊళ్లో ఎన్ని లారీల ఇసుక దిగింది?"

"అది నా పని కాదమ్మా."

"సిమెంటు?"

"నేనేమన్నా కొట్టు పెట్టుకున్నానా?"

"పదకొండు వందల నలభై ఇళ్లు కడుతుంటే ఊళ్లో ఒక్క మేస్త్రీ అయినా దొరక్క జనం కొట్టుకు చావాలి. మీ బజార్లో మేస్త్రీలు పనిలేక పొద్దున్నుంచీ గళ్ల ఆట ఆడుతున్నారు. నేనే చూశాను. ఒకాయన నాకూ ఒక ఆట వెయ్యమన్నాడు."

అంతమందిలో ఎవరో కిసుక్కుమన్నారు. మేయర్ అటు చూశాడు. నవ్వు ఆగిపోయింది.

"చూడమ్మా," అన్నాడు చాలా ఓపిక ఉన్నవాడిలా. "అనుమతి ఇచ్చామా? ఇచ్చాం. కాగితం మీద పోయిన నెల తేదీ ఉందా? ఉంది. కొత్త అనుమతే కదా? ఇందులో అబద్ధం ఎక్కడుంది? నువ్వు చదువుకున్నదానివి, ఒక అబద్ధం చూపించు."

"కాగితం కొత్తది. ఇల్లు పాతది. కొత్త ప్లాను జతపరిచిన దరఖాస్తులు, అంటే కట్టబోయేవి, నలభై ఏడు. మిగతా వెయ్యి తొంభై మూడూ ఎప్పణ్ణించో ఉన్నవి. మీరు అన్నిటినీ ఒకే గడిలో కూర్చోబెట్టారు. నాలుగు వందల పన్నెండు కుటుంబాలున్నాయి మీ ఊళ్లో, ఒక్కో గదిలో ఏడుగురూ ఎనిమిదిమందీ. వాళ్లు మీ కాగితంలో కాపురం పెట్టలేరు మేయర్ గారూ!"

దాని గొంతు ఒణికింది ఆ చివరి మాట దగ్గర. భయం కాదు, కోపం. నాకు తెలుసు, నా గొంతు కూడా అలాగే ఒణుకుతుంది.

"మీ నాన్న మాటిచ్చాడు," అన్నాడు మేయర్. "పదకొండు మంది సాక్ష్యం. కప్పులు ఖాళీ. ఇంక నువ్వు చేసేది మీ నాన్న గడ్డం పట్టుకుని బజార్లో ఈడ్చడమే. ఈడుస్తావా?"

తమ్ముడు తల ఎత్తలేదు. "నా మాట పోతుందే తల్లీ," అన్నాడు మెల్లిగా. నలభై ఏళ్లు రాయి మోసిన మనిషి. ఒకరి దగ్గర ఒప్పుకున్న గోడని మధ్యలో వదిలింది లేదు. వాణ్ణి అలా చూసి ఏడుపొచ్చింది నాకు.

నిబాల్ వెళ్లి వాడి పక్కనే కింద కూర్చుంది. జడలోంచి పెన్సిలు తీసి, మళ్లీ దోపుకుని, జేబులోంచి కలం తీసింది.

"నీ మాట పోనివ్వను నాన్నా. మాటిచ్చింది నువ్వు కాబట్టి సంతకం నువ్వే పెట్టు. నేను తీసుకెళ్లి, ఇది మా నాన్న సంతకం అని పైవాళ్లకి చెబుతాను. కానీ ఒకటి. చదవకుండా పెట్టకు. ఇదిగో జాబితా, ఇవే ఆ కొత్త ఇళ్లు. నువ్వు మేస్త్రీవి. కొత్తవో పాతవో నీకంటే బాగా ఎవరు చెప్పగలరు?"

"ఈ నాటకాలకి టైము లేదు..." అని మేయర్ ఏదో అనబోయాడు.

"చదవనీ," అన్నారు షేక్ గారు.

తమ్ముడు కళ్లద్దాలు పెట్టుకున్నాడు. వేలు పెట్టి ఒక్కో వరసా చూస్తున్నాడు. వాడి వేళ్లకి ఇంకా సున్నం మచ్చలున్నాయి, ఎంత కడిగినా పోవు.

"ఇది పోస్టాఫీసు వెనకది. దీని పునాది తీసిన రోజు మంచు పడింది, పలుగు దిగలేదు... ఇది అబూ హద్దాద్‌ది. మెట్లు తప్పు కట్టాను దీనికి, మళ్లీ పగలగొట్టి కట్టాను... ఇది మిద్దె మీద మిద్దె, ముగ్గురు కొడుకులకి మూడు వేశాం." మొహంలోకి కాస్త రంగొచ్చింది వాడికి. పాత స్నేహితుల్ని పేరు పెట్టి పలకరిస్తున్నట్టుంది. ఇంకో వరస దగ్గర ఆగి, తలెత్తి చూశాడు. "షేక్ గారూ, ఇది మీదే."

"నాదా?"

"మీ పెళ్లికి మీ నాన్నగారు కట్టించిన ఇల్లు. నేనప్పుడు రాళ్లందించే కూలీని. ఇదిగో, పోయిన నెల కట్టడానికి అనుమతిచ్చారట. కొత్త ఇల్లట."

షేక్ గారు గడ్డం నిమురుకున్నారు. "మావాడు దరఖాస్తు పెట్టాడు, జరిమానా పోతుందని. నిజమే. కానీ ఆ ఇంట్లో నా మనవలకి పెళ్లిళ్లయ్యాయి." మేయర్ వైపు చూశారు. "రాకాన్, ఆడపిల్ల మొండితనమన్నావు నాతో. నా ఇల్లు ఇందులో ఉందని చెప్పలేదే?"

"షేక్ గారూ, అది చిన్న విషయం. అసలు సంగతి ఊరి పరువు. ఇంతకీ కాఫీ తాగేశాం. మాట మాటే."

అదిగో, ఆ మాటకి లేచాడు నా తమ్ముడు. మోకాలి మీద చెయ్యి వేసుకుని, నెమ్మదిగా, పూర్తిగా నిటారుగా నిలబడ్డాడు. తలగుడ్డని పట్టి ఉంచే నల్ల తాడు చుట్ట, ఇకాల్, రెండు చేతులతో తీసి, షేక్ గారి ముందు తివాచీ మీద పెట్టాడు. మగవాడు నలుగురిలో అది తీసి కింద పెట్టాడంటే ఇంక తన దగ్గర దాచుకోడానికి పరువు లేదన్నట్టే.

"మాటిచ్చింది నేను. తప్పుతున్నదీ నేనే," అన్నాడు. "దైఫల్లా ఇంట్లో మాటకి విలువ లేదని ఊరంతా చెప్పుకోండి, పడతాను. నా చేత్తో కట్టిన ఇల్లు నిన్న పుట్టిందని మాత్రం సంతకం పెట్టను. నా కూతురూ పెట్టదు. ఇల్లు కట్టడమంటే ఏమిటో నాకు తెలుసు. మేయర్ గారికి తెలీదు."

ఒరే దైఫల్లా, నీ నోట్లో చక్కెర పొయ్య! కూజా చేతిలో లేకపోతే వాణ్ణి అక్కడే కౌగిలించుకునేదాన్ని.

నిబాల్ ఇంకో కాగితం తీసింది. రెండు గడులు, రెండు అంకెలు. నలభై ఏడు. వెయ్యి తొంభై మూడు. మోకాలి మీద పెట్టుకుని, అందరూ చూస్తుండగా, తాపీగా సంతకం పెట్టింది. "రేపు పదింటికి వెళ్లేది ఇదే," అంది.

"రేపు పదింటికి నీ కుర్చీ ఉండాలి కదా," అన్నాడు మేయర్. ఇంక నవ్వడం లేదు. "మీ పై అధికారితో మాట్లాడే వచ్చాను. ఇక్కడికి రావడం మర్యాద కోసం."

"కుర్చీ లేకపోతే నిలబడి చదువుతాను. నాకు కాళ్లున్నాయి."

తమ్ముడు మళ్లీ కూర్చున్నాడు. తల బోసిగా ఉంది. ఏం చెయ్యాలో తోచక కాబోలు జాబితా మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. వేలు ఒక్కో వరసా దిగుతోంది. ఉన్నట్టుండి ఆగింది. వెనక్కి వెళ్లింది. మళ్లీ అక్కడికే వచ్చి ఆగింది.

"అక్కా, ఇలా రా. నా అద్దాలు మసకబారినట్టున్నాయి. ఈ పేరు చదువు."

వంగి చూశాను. వాడి అద్దాలకేమీ కాలేదు.

"ఊటబావి పక్క ఇల్లు, రెండు గదులు," అని చదివాను. "దరఖాస్తు చేసినవారు..." వేలు పెట్టి మళ్లీ చూశాను. "ఖద్రా, సాలిం కూతురు."

గదిలో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు, మా ముగ్గురికి తప్ప. నిబాల్ మొహం చూడలేకపోయాను. పదకొండు వందల నలభై పేర్లలో ఓ అరవై ఇళ్లు చూసి వచ్చిందది. ఈ పేరు దాకా రాలేదు.

"ఆ ఇల్లు లేదు," అన్నాడు తమ్ముడు. "రోడ్డుకి అడ్డమని మునిసిపాలిటీ వాళ్లే నోటీసిచ్చారు. మిషను పెట్టి కొట్టేస్తామంటే వద్దన్నాను. రాయి రాయీ నేనే విప్పాను. పదహారేళ్లయింది. ఇప్పుడక్కడ తారు రోడ్డుంది."

మేయర్ లేచి నిలబడ్డాడు. "గుమాస్తాల పొరపాటు అయ్యుంటుంది. పొద్దుపోతోంది, బయల్దేరదాం షేక్ గారూ."

"కూర్చో," అన్నారు షేక్ గారు.

నిబాల్ ఫైలు విప్పింది. దరఖాస్తుల నకళ్లన్నీ అందులోనే ఉన్నాయి. గబగబా తిప్పుతోంది. దొరికింది. బయటికి తీసి మా మధ్య పెట్టింది. పోయిన నెల పధ్నాలుగో తేదీ. కింద నల్ల సిరాతో, వంపులు తిరిగిన చక్కటి సంతకం.

"పదకొండేళ్లయింది అమ్మ పోయి," అంది నిబాల్. అంతకంటే మాట రాలేదు దానికి.

నాకొచ్చింది. నాకు ఎప్పుడూ వస్తుంది. "చచ్చిన మనిషి దరఖాస్తు పెట్టిందంటే సరే, మీ ఊళ్లో ఏదైనా జరుగుతుంది మేయర్ గారూ!" అన్నాను. "కానీ మా ఖద్రాకి సంతకం రాదు. బతికున్నన్నాళ్లూ వేలిముద్రే వేసింది. పోయాక నేర్చుకుందా? ఎవరు నేర్పారు?"

షేక్ గారు తివాచీ మీది ఇకాల్ రెండు చేతులా ఎత్తి, దుమ్ము దులిపి, తన చేత్తో మా తమ్ముడి తల మీద పెట్టారు. తర్వాత తన ఖాళీ కప్పు నా వైపు చాచారు.

"పొయ్యమ్మా."

పోశాను. ఆయన ఆ కప్పుని పెదాల దాకా తేలేదు. మేయర్ రాకాన్ ఎదురుగా తివాచీ మీద పెట్టి చెయ్యి తీసేశారు.

"ఇప్పుడు నేను నిన్ను అడుగుతున్నాను రాకాన్," అన్నారు. "ఈ సంతకం ఎవరు పెట్టారు? ఈ జాబితాలో ఇలాంటి పేర్లు ఇంకా ఎన్నున్నాయి? నువ్వు చెప్పేదాకా నేను ఈ కప్పు ముట్టను. ఈ గుమ్మం దాటను. నువ్వూ దాటవు."